మేనరికాల ఇల్లు, పద్నాలుగు కిట్లు: నెటాల్ వెళ్లినాయన ఎవరి మనిషి?

సోంపేట ఆడపడుచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, సోంపేట దగ్గర. ఉద్యోగం విజయనగరంలో. పోస్టు పొడుగైంది, ఏమనుకోకండి.

మా ముత్తాతకి ఒక అన్న ఉండేవాడని, కుర్రతనంలో ఇంట్లో గొడవపడి దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కి ఓడెక్కేశాడని మా ఇంట్లో ఒక మాట ఉంది. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలీదు. పోయినేడు డర్బన్ నుంచి ఒకావిడ నాకు మెయిల్ రాశారు. వాళ్ల అమ్మగారి తాతని మద్రాసులో కూలీగా ఎక్కించుకున్న ఓడ రిజిస్టరు నకలు పంపారు. అందులో జిల్లా గంజాం అని ఉంది. ఊరి పేరు దొర రాసిన స్పెల్లింగులో ఉంది గానీ నాలుగుసార్లు పైకి చదివితే మా ఊరే. తండ్రి పేరు దగ్గర ఉన్నది మా తాత పేరు. ఇప్పుడు మా పెదనాన్న పెద్దకొడుకు పేరూ అదే. మనవైపు తాత పేరు మనవడికి పెడతారు కదా, ఆ పేరు తరం విడిచి తరం మా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

సరే, డీఎన్ఏ చేయిద్దామనుకున్నాం. తమ్ముడు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో పద్నాలుగు కిట్లు తెచ్చాడు. కనుమ రోజు పొద్దున్న అందర్నీ వీధరుగు మీద కూర్చోబెట్టి ఉమ్మి పట్టాను. చెప్పినంత తేలిక కాదు. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, తాగకూడదు, పొగ కూడా కూడదు. మా మేనత్తకి ఎనభై ఒకటి, అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే "అరగంటయ్యిందేటే?" అని అడిగేది. మూడుసార్లు మళ్లీ మొదటి నుంచి టైము లెక్కపెట్టాం. పైగా మా ఉద్దానంలో కిడ్నీల జబ్బు గురించి ఎన్నో ఏళ్లుగా ఎవరో ఒకరు వచ్చి రక్తం, మూత్రం పట్టుకెళుతూనే ఉన్నారు. "రగతం అయిపోనాది, ఇప్పుడు ఉమ్మా? ఇదీ కిడ్నీలకేనేటే గుంటా?" అంది. నెటాల్ తాత కోసం అత్తా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. చుట్ట తీసి అరుగు అంచుకి రుద్ది ఆర్పేసింది.

ఆ హడావిడిలో నేనొక తప్పు చేశాను. ఫలితాలు వచ్చిన రాత్రి ఫోన్ తెరిస్తే, మా అమ్మ కిట్‌కీ నాకూ తల్లీకూతుళ్ల లెక్క రాలేదు. మా పెద్దమ్మ నాకు తల్లి అని వచ్చింది! ఆ రాత్రి నిద్ర లేదు. అమ్మ పక్క గదిలో గురక పెడుతోంది, నేను గోడకి చేరబడి కూర్చున్నాను. తెల్లారి పెద్దమ్మ కొడుకు కిట్ చూస్తే, వాడికి మా అమ్మ తల్లి అని ఉంది. అప్పుడు ఊపిరొచ్చింది. రెండు గొట్టాలూ తారుమారయ్యాయి, అంతే. పేర్లు మార్చేశాం.

ఇప్పుడు అసలు సంగతి. డర్బన్‌లో ఆవిడా, వాళ్ల అమ్మగారూ ఇద్దరూ చేయించుకున్నారు. మా నాన్న లేరు, ఐదేళ్లయింది. ఆ పెద్దావిడతో మా మేనత్తకి 268 సెంటీమోర్గాన్లు (ఇద్దరికీ కలిసిన డీఎన్ఏ ముక్కల కొలత అది. అందులో ఒక్కటే పెద్ద ముక్క 41), పెదనాన్నకి 197 వచ్చాయి. బాగానే ఉంది. కానీ మా అమ్మకి కూడా 214 వచ్చింది! అమ్మది వేరే ఇంటిపేరు, పుట్టిల్లు టెక్కలి వైపు. డర్బన్ కూతురితో నాకు 131, నా ఈడుదే మా చిన్నాన్న కూతురికి 58. అమ్మా నాన్నా మేనరికమే. మా అమ్మమ్మ మా తాతకి సొంత చెల్లెలు. కానీ నెటాల్ ఆయన మా తాతల ఇంటిపేరు మనిషి కదా, అమ్మ వైపు ఎలా కలుస్తాడు? ఈ అంకెలు చూసి మా మేనమామలు "ఆయన మా మనిషే, మీరు లాక్కున్నారు" అంటున్నారు. మేనత్త వాళ్లతో మాటలు మానేసింది.

రెండోది, అన్ని కిట్లూ నా మెయిల్ మీదే ఉన్నాయి. "సీఎం (సెంటీమోర్గాన్) ఎంత వచ్చింది బావా" అంటే మొదట్లో రాజకీయాలనుకున్న మా బావ ఇప్పుడు పాస్‌వర్డ్ ఇవ్వమంటున్నాడు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పట్టిక మొత్తం పెట్టమని ఒకరు, నాది తీసేయమని ఒకరు. ఇంకోటి, ఒక జతకి మాత్రం లెక్క మేం అనుకున్న వరసకి సరిపోలేదు. అదేమిటో ఇక్కడ రాయను. ఏం చెయ్యాలి?

బొబ్బిలి బాబాయ్:

అమ్మా, ముందు మీ ఇంటి పంచాయితీ తీరుస్తాను. మీ మేనత్తదీ నిజమే, మీ మేనమామలదీ నిజమే.

మీరంతా ఇంటిపేరు పట్టుకుని ఆలోచిస్తున్నారు. ఈ పరీక్షకి ఇంటిపేరు తెలీదు. మీ అమ్మమ్మ పెళ్లై టెక్కలి వెళ్లినప్పుడు ఇంటిపేరు పుట్టింట్లో వదిలింది గానీ, తండ్రి ఇచ్చిన సగం తనతోనే పట్టుకెళ్లింది. అందులోంచి మీ అమ్మకీ మేనమామలకీ వచ్చింది. మీ ముత్తాతకి మీ నాన్న కొడుకు కొడుకు, మీ అమ్మ కూతురి కూతురు. దూరం ఒకటే. డర్బన్ పెద్దావిడ ఆ ఇద్దరికీ సెకండ్ కజినే, అంటే అన్నదమ్ముల మనవల వరస.

బ్లెయిన్ బెట్టింగర్ అని అమెరికాలో ఒకాయన, జనం పంపిన దాదాపు 60 వేల జతల లెక్కలు పోగేసి 2020లో ఒక పట్టిక విడుదల చేశాడు. అందులో సెకండ్ కజిన్ల సగటు 229, 41 నుంచి 592 దాకా ఎంతైనా రావచ్చు. మీ అత్త 268, పెదనాన్న 197, అమ్మ 214 చక్కగా అందులోనే ఉన్నాయి. థర్డ్ కజిన్ల, అంటే అన్నదమ్ముల మునిమనవల సగటు 73. మీ చిన్నాన్న కూతురికి దారి ఒక్కటే, వాళ్ల నాన్న వైపు నుంచి, అందుకే 58. మీకు రెండు దార్లు. నాన్న వైపు 73, అమ్మ వైపు 73, కలిపితే 146. మీకొచ్చింది 131. నాన్న ఇచ్చిన ముక్కా అమ్మ ఇచ్చిన ముక్కా ఒకే చోట పడితే సైటు దాన్ని ఒకసారే లెక్కేస్తుంది, అందుకని కాస్త తగ్గడం మామూలే. మీకొచ్చిన అంకెలో వింతేమీ లేదు, అది మీ అమ్మానాన్నల పెళ్లి పత్రిక అనుకోండి.

ఇక్కడితో ఎగిరి గంతేయకండి. ఆయన మీ ముత్తాతకి అన్న అన్న మాటకి ఇవి సరిపోతున్నాయి, అంతే. పెదతండ్రి కొడుకై ఉండి, వెనక తరాల్లో మరో రెండు మేనరికాలు జరిగి ఉన్నా ఇలాంటి అంకెలే రావచ్చు. మన దగ్గర నాలుగూళ్ల మధ్యే ఇచ్చిపుచ్చుకోవడాలు కదా. చుట్టరికం లేదనుకున్న ఇద్దరికి కూడా ఏడెనిమిది సెంటీమోర్గాన్ల చిన్న ముక్కలు బోలెడు కలుస్తాయి, వాటిని పక్కన పెట్టండి. ఒక్కటే పెద్ద ముక్క ఎంతుందో చూడండి, మీ అత్తకున్న 41 లాంటిది. నేనైతే ఇంకో పని కూడా చేస్తాను. మీ కులంలోనే, మీ పక్క ఊళ్లలోనే, మీతో ఏ చుట్టరికమూ తెలియని ఒకరిద్దరి చేత చేయిస్తాను. వాళ్లకీ డర్బన్ ఆవిడతో ముప్పయ్యో నలభయ్యో వస్తుంటే, మీ అంకెల్లోనూ అంత మేర ఊరందరికీ ఉన్నదే అనుకోవాలి.

డర్బన్ పెద్దావిడకి సొంత అన్నదమ్ములుంటే, ఆమె తండ్రి కూడా నెటాల్ ఆయనకి కొడుకే అయితే, ఆ అన్నదమ్ముల్లో ఒకరికీ మీ పెదనాన్నకీ వై (తండ్రి నుంచి కొడుక్కే వచ్చే క్రోమోజోమ్) పరీక్ష చేయించండి. ఇంటిపేరు నడిచే దారిలో నడిచేది అదొక్కటే. కలవకపోతే కథ మొదటి నుంచీ చూసుకోవాలి. కలిస్తే దాయాదులని తేలుతుంది. అన్నదమ్ములని మాత్రం అదీ చెప్పదు, ఆ సంగతి రిజిస్టరులో ఉన్న తండ్రి పేరే చెప్పాలి.

ఇక కిట్ల పెత్తనం. నేను నాలుగేళ్లుగా మా వాళ్లవి ఇరవైమూడు కిట్లు చూస్తున్నాను, అందులో నేను చేసిన వెధవ పని మీరు చెయ్యకండి. రెండేళ్ల క్రితం అందరూ అడుగుతున్నారు కదా అని అడ్డం ఇరవైమూడు, నిలువు ఇరవైమూడు గళ్ల పట్టిక చేసి గ్రూపులో పెట్టాను. నాకు గొప్పగా అనిపించింది కూడా. రాత్రి పదిన్నరకి ఒక మేనల్లుడు "వీళ్లిద్దరికీ 2,540 ఏంటి మావయ్యా, కజిన్లకి సగటున తొమ్మిది వందల దగ్గరే కదా ఉండాలి" అని అందరి ముందూ అడిగాడు. 2,500, 2,600 అంటే ఒకే తల్లీతండ్రీ పిల్లలు. పిల్లల్లేని అన్నకి తమ్ముడు తన బిడ్డని పురిట్లోనే పెంపకం ఇచ్చాడు. ఆ సంగతి ముగ్గురు పెద్దవాళ్లకి తెలుసు. ఆ బిడ్డకి మాత్రం తెలీదు. అతనికి ఇప్పుడు యాభై రెండు. పట్టిక వెంటనే తీసేశాను గానీ అప్పటికే పద్దెనిమిది మంది చూశారని నీలం గీతలు చెబుతున్నాయి. అతను ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు.

అందుకని పట్టిక పెట్టొద్దు. ఎవరికి వాళ్లది, అదీ నోటితో చెప్పండి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, మీ బావకి అసలే ఇవ్వకండి. చాలా సైట్లలో ఊరికే చూసే వీలు వేరు, పెత్తనం వేరు. చూసే వీలు మాత్రం ఇస్తే చాలు. కిట్ల కోసం విడిగా ఒక మెయిల్ తెరవండి. తీసేయమన్నవాళ్లది ఎందుకని అడక్కుండా తీసేయండి. వేరే సైటుకి ఎక్కించి ఉంటే అక్కడా తీయాలి, మనం మర్చిపోయేది అక్కడే.

లెక్క కుదరని ఆ జత గురించి రాయకపోవడం మంచి పని చేశారు. ఒకసారి గొట్టాలు మారాయి కాబట్టి ముందు అదే అనుమానించండి. ఆ ఇద్దరి పిల్లలో తోబుట్టువులో ఉన్న కిట్లతో పోల్చి చూస్తే తేలిపోతుంది. తర్వాత వాళ్ల ఇంట్లో మేనమామ–మేనకోడలి పెళ్లిళ్లున్నాయేమో కనుక్కోండి, వాటితో అంకెలు బాగా పెరుగుతాయి. రెండూ కాకపోతే ఆ ఇద్దరూ నోరు విప్పి అడిగేదాకా మీ నోరు విప్పకండి.

నాగావళి ఒడ్డు:

అక్కా, నేను శ్రీకాకుళంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. బాబాయ్ గారు అంకెలు చెప్పేశారు, నేను ఉమ్మి సంగతి చెబుతాను.

పద్నాలుగు మందినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టారు చూడండి, అదే తప్పు. ల్యాబులో మేం గొట్టం మీద పేరు ఆ మనిషి ఎదుటే రాస్తాం, తర్వాత రాసుకుందాంలే అని వదలం. ఉమ్మి పట్టకముందే కిట్ మీద పేరు, బార్‌కోడ్ నంబరు ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఒక మనిషి పూర్తయ్యి, మూత బిగించి, సంచిలో పెట్టి అంటించాకే రెండో మనిషిని పిలవాలి. గొట్టం చేత్తో పట్టుకుని ఉండగా బార్‌కోడ్ కనబడేలా ఒక ఫోటో తీసుకుంటే ఇంకేం గొడవ ఉండదు. నోరు ఎండిపోయే పెద్దవాళ్లకి బుగ్గలు బయట నుంచి మెల్లగా రుద్దితే ఉమ్మి ఊరుతుంది. అప్పటికీ రాకపోతే బుగ్గ లోపల పుల్లతో రుద్దే రకం కిట్ కొనండి. మీ మేనత్తకి మొదటిసారికే ఫలితం వచ్చిందంటే అదృష్టం, పొగ తాగిన వెంటనే పట్టినవి ఒక్కోసారి పనికిరావు.

ఒప్పుకోలు కాగితం తెలుగులో రాయించండి. ఇంగ్లీషులో ఉన్నదానికి "ఒప్పుకుంటున్నాను" నొక్కింది మీరే అయ్యుంటారు, అవునా కాదా? అందులో కనీసం ఈ సంగతులు ఉండాలి: అనుకోని చుట్టరికం బయటపడితే తనకి చెప్పాలా వద్దా, వేరే సైటుకి ఎక్కించొచ్చా, తాను పోయాక ఆ కిట్ ఎవరి చేతికి వెళ్లాలి. వేరే సైటు అంటే ఊరికే కాదు. జీఈడీమ్యాచ్ అని డీఎన్ఏ వివరాలు ఎక్కించి పోల్చుకునే సైటుంది, అందులో చుట్టాలు పెట్టిన వివరాల సాయంతో 2018లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాలుగా దొరకని హంతకుణ్ణి పట్టుకున్నారు. మంచికే జరిగింది గానీ, మీ అత్త ఉమ్మి పోలీసుల వెతుకులాటకి అందాలా వద్దా అన్నది మీ అత్త చెప్పాల్సిన మాట. ఇప్పుడు అక్కడ ఆ వీలు ఇవ్వాలో వద్దో ఎంచుకోవచ్చు. 23అండ్‌మీ అనే డీఎన్ఏ పరీక్షల కంపెనీ నుంచి 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025లో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టింది. భయపెట్టడానికి కాదు, తెలిసి ఒప్పుకోవాలని చెబుతున్నాను.

జీఈడీమ్యాచ్‌లో "మీ తల్లిదండ్రులు చుట్టాలా" అని చూసే పరికరం ఒకటుంది. మీ కిట్ పెడితే జన్యువుల్లో సగటున పదహారో వంతు దగ్గర రెండు వైపులా ఒకేలా ఉన్నట్టు రావాలి. మేనమామ–మేనకోడలి పిల్లలకైతే ఎనిమిదో వంతు. అంతకు బాగా ఎక్కువ వస్తే వెనక ఇంకో మేనరికం ఉన్నట్టు. విదేశీ గ్రూపుల్లో మాత్రం ఈ బొమ్మ పెట్టకండి. మనింట్లో పట్టుచీరలు కట్టుకుని చేసిన పెళ్లిని వాళ్లు రోగంలా చూస్తారు, లేనిపోని టెన్షన్.

రంగూన్ మనవడు:

గంజాం అని చూసి ఎవరైనా "వాళ్లు ఒడియా వాళ్లు" అంటే ఒప్పుకోకండి. ఆ కాలంలో సోంపేట గంజాం జిల్లాలోదే. 1936లో ఒరిస్సా వేరుపడ్డాక మన తెలుగు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో పుట్టాయి. డర్బన్ ఆవిడకి ఇది చెప్పండి, లేకపోతే పాపం ఇప్పటి గంజాంలో ఊరు వెతుక్కుంటారు.

నెటాల్ రిజిస్టర్లు బంగారం. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరిన దగ్గర్నుంచి 1911 దాకా వెళ్లిన 1,52,184 మందికీ ఒక్కొక్కరికి ఒక నంబరు. తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ కూడా. ఇంటిపేరు మాత్రం చాలామందికి ఉండదు. అక్కడ ఒంటి పేరే తర్వాత ఇంటిపేరైపోయింది. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్న మనవాళ్ల పిల్లలు ఇప్పుడు అక్కడ అప్పల్సామీలు! అందుకే మ్యాచ్ (డీఎన్ఏ కలిసినవాళ్ల) లిస్టులో ఇంటిపేరు వెతక్కండి, మన దేవుళ్ల పేర్లు వెతకండి.

మా తాత రంగూన్ రేవులో కూలీ. 1941 డిసెంబరులో బాంబులు పడ్డాక కొండలూ అడవులూ పడి నడిచొచ్చాడు, తమ్ముడు దారిలో తప్పిపోయాడు. మాకు ఒక్క కాగితం లేదు. బర్మాలో ఉండిపోయినవాళ్లలో ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లెవరూ నాకింతవరకు తగల్లేదు. నేను కిట్ చేయించుకుని మూడేళ్లయింది. మ్యాచ్ లిస్టు ఇప్పటికీ వారానికోసారి తెరుస్తాను.

సోంపేట ఆడపడుచు:

అందరికీ చాలా థాంక్స్. నాగావళి ఒడ్డు తమ్ముడూ, అవును, నొక్కింది నేనే. సిగ్గేసింది. నిన్న ఆదివారం ఊరెళ్లి తెలుగు కాగితం పద్నాలుగు మందికీ చదివి వినిపించాను. పన్నెండు మంది సంతకాలు పెట్టారు. ఒకరు వద్దన్నారు, తీసేశాను. ఇంకొకరు ఆలోచిస్తానన్నారు. అనుకోనిది తేలితే చెప్పొద్దని ఐదుగురు రాశారు. లెక్క కుదరని జతలో ఒకరు ఆ ఐదుగురిలోనే ఉన్నారు. గొట్టాలు మారలేదని తేలింది. ఇక ఆ సంగతి నా దగ్గరే ఉండిపోతుంది.

బావకి పాస్‌వర్డ్ ఇవ్వలేదు. అలిగాడు.

బాబాయ్ గారి లెక్క మా పెరట్లో పెద్ద పీట మీద సుద్దతో గీసి చూపించాను. మేనమామలు వచ్చారు. మేనత్త మొహం అటు తిప్పుకునే కూర్చుంది గానీ, గీసేది మాత్రం చూస్తూనే ఉంది. గీయడం అయ్యాక అడిగింది, డర్బన్ పెద్దావిడని కన్నది నెటాల్ ఆయన కొడుకా కూతురా అని. కొడుకే అన్నాను. "అలాగైతే ఆ పెద్దావిడ మీ నాన్నకి అప్పచెల్లెలు, మీ అమ్మకి మేనమామ కూతురు. ఎటేపు నుంచి వచ్చినా నీకు మేనత్తే, దాని కూతురు నీకు వదినే. దీనికి అమెరికా దాకా ఉమ్మి పంపాలేటి?" అంది. సైటు నాకు రెండు దార్లున్నాయని కూడా చెప్పలేకపోయింది, అత్త అర నిమిషంలో తేల్చేసింది. నేను ఇంటికొచ్చి అమ్మ వైపు నుంచి మళ్లీ వేసి చూశాను. నిజమే, వదినే.

డర్బన్ అత్తకి సొంత తమ్ముడున్నారు, వై పరీక్షకి ఒప్పుకున్నారు. మా పెదనాన్నా సరేనన్నారు. పక్క ఊళ్లో చుట్టరికం లేనివాళ్లు ఒకరు దొరికారు, ఇంకొకరి కోసం చూస్తున్నాను.

ఇప్పుడు కొత్త పని పడింది. ఆవిడ ఈ ఇంటి ఆడపడుచు కదా, పుట్టింటి పసుపు కుంకుమ ఇప్పటిదాకా అందలేదని మేనత్త పొందూరు చీర ఒకటి తెప్పించి నా చేతికిచ్చింది. మేనమామలు ఇంకోటి ఇచ్చారు. డర్బన్‌కి రెండు చీరలు, ఒక పసుపు పొట్లం పంపాలంటే పోస్టులో పంపొచ్చా, పసుపు కస్టమ్స్‌లో ఆపేస్తారా? ఎవరైనా పంపినవాళ్లుంటే చెప్పండి.